అల్లుడు కూర్చున్న అరుగు

నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి. పిల్లల పెళ్లిళ్లయ్యాక రాత్రి బడికి పోయి నేర్చుకున్నాను. అందుకని ఊరించి ఊరించి రాయడం నాకు చేతకాదు. గెలిచింది నేను. ఆ ముక్క ముందే చెప్తున్నాను.

గొడవ అరుగు గురించి. మెల్‌బోర్న్‌లో అద్దె ఇంట్లో ఉంటూ మా అల్లుడు ఊరి చివర క్లైడ్ నార్త్‌లో స్థలం కొన్నాడు. ఇల్లు కట్టే కంపెనీవాడు ప్లాన్ పంపాడు. కార్లకు గది, సినిమా చూడటానికి గది, బట్టలకు గది. మనిషి బయట కూర్చోవడానికి మాత్రం జానెడు చోటు లేదు. తలుపు తీస్తే సిమెంటు, ఆ తర్వాత రోడ్డు.

"ముందర అరుగు పెట్టించు బిడ్డా" అన్నాను.

"అత్తమ్మా, ఈడ అరుగులు ఎవరు కడ్తున్నరు? అది పాత ఫ్యాషన్. ఎలివేషన్ మొత్తం ఖరాబైతది. అయినా ముందట ఎవరు కూసుంటరు, అందరు బ్యాక్‌యార్డ్‌లనే ఉంటరు."

"నేను కూసుంట."

"అమ్మా, నీకు మంచి చెయిర్ కొంట తియ్" అంది కూతురు.

కుర్చీ వేరు, అరుగు వేరు. కుర్చీ ఒక్కరిది. అరుగు మీద దారినపోయేవాళ్లు కూడా పిలవకుండా వచ్చి కూర్చుంటారు. ఈ దేశం వచ్చినప్పటి నుంచి నేను తలుపు వెనకే ఉన్నాను. చెత్త డబ్బాలు బయట పెట్టే రోజున తప్ప పక్కింటివాళ్ల ముఖం చూడలేదు. కొత్త ఇల్లు కూడా ఇట్లాగే కడితే నా మిగిలిన బతుకంతా తలుపు వెనకే. మార్పులుంటే సోమవారంలోగా చెప్పమన్నాడు కంపెనీవాడు. తర్వాత పునాది పోసేస్తాడట.

ఆ సోమవారానికి ముందు వచ్చిన శనివారం మనవరాలి పుట్టినరోజు. దానికి కొరియా సీరియళ్ల పిచ్చి. ఊరు దాటి కొండల్లో ఒక కొరియా ఇల్లు ఉందనీ, చూడటానికి వచ్చినవాళ్లు ఒక రాత్రి ఉండవచ్చనీ చెప్పి, పట్టుబట్టి మమ్మల్ని తీసుకుపోయింది.

అక్కడ ఒకే వాకిట్లో రెండు ఇళ్లు. ఒకటి కొరియా వాళ్ల పాత పద్ధతిలో కట్టింది, హానోక్ అంటారట. నా వయసున్న ఒకామె దాన్ని చూసుకుంటుంది. రెండోది ఆమె కూతురు కట్టుకున్న గాజు ఇల్లు. ఆ పిల్ల ఇళ్లు గీసే చదువు చదివింది.

పాత ఇంటి ముందు నిలబడి నోరు తెరిచాను. పెంకుల కప్పు కొసలు రెక్క విప్పిన కొంగలాగా పైకి లేచి ఉన్నాయి. స్తంభాలు భూమిలో పాతలేదు. ఎగుడుదిగుడు బండల మీద, బండ ఎట్లా ఉంటే కర్ర అడుగు అట్లా చెక్కి నిలబెట్టారు. వెతికినా మేకు కనబడలేదు. తలుపులకు అద్దం బదులు తెల్ల కాగితం. బయట పొయ్యిలో కట్టెలు పెడితే ఆ వేడి పొగ గదుల నేల కింద తిరిగి అవతలి గొట్టంలోంచి పోతుంది. ఆ వెచ్చటి నేల మీద నడుం వాలిస్తే నా మోకాళ్ల నొప్పి ఎటు పోయిందో తెలియలేదు. ఇక ఇంటి ముందు చూరు కింద, ఈ చివర నుంచి ఆ చివర దాకా నున్నటి చెక్క అరుగు. దాని పేరేమిటని నేను అడగలేదు. కూర్చున్నాను.

మనవరాలు గడప మీదెక్కి ఫోటో దిగబోయింది. "దిగు!" అని నేను తెలుగులో, ఆ ఇంటామె కొరియా మాటలో ఒక్కసారే అరిచాం.

"వై ఆర్ యూ బోత్ యెల్లింగ్ ఎట్ మీ?" అంది పిల్ల.

ముసలివాళ్లం ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని పడీపడీ నవ్వాం. మా పరిచయం అంతే.

అల్లుడు పాత ఇంటి వైపు సరిగ్గా చూడనేలేదు. గాజు ఇంటి చుట్టూ ఫోన్ పట్టుకుని తిరిగాడు. "గిది చూడున్రి అత్తమ్మా. మోడ్రన్ అంటే గిట్లుండాలె!" అన్నాడు.

తెల్లవారి నాకు అలవాటుగా మెలకువ వచ్చింది. బయట చక్కగా ఊడ్చిన ఇసుక వాకిలి. చెట్టు లేదు, గడ్డి లేదు, తెల్లగా బోసిగా ఉంది. పాపం నీళ్లు చల్లి ముగ్గేసే దిక్కు లేదనుకున్నాను. కొళాయి దగ్గర బకెట్ ఉంటే వాకిలంతా నీళ్లు చల్లాను. సర్వపిండి కోసం తెచ్చుకున్న బియ్యప్పిండితో పెద్ద ముగ్గు వేశాను. ఎన్నాళ్లకో చేయి సాగింది.

ఆ ఇంటామె కాగితం తలుపు తీసి వాకిలి చూసి తల పట్టుకుంది. కూతుర్ని పిలిచింది. ఆ పిల్ల ఇంగ్లీషులో చెప్తే మా అమ్మాయి నా మీద పడింది.

"ఏం పని చేసినవే అమ్మా! వాళ్లు వాకిలి బోడిగ ఊకెనే ఉంచలేదట. చూరు గింత ముందుకుంటది కదా, ఎండ సక్కగ ఇంట్ల వడది. తెల్ల ఇసుక మీద వడి, ఆ వెలుతురు ఎగిరి లోపలికి వస్తదట. నువ్వు తడిపి నల్లగ చేసినవ్. ఇంట్ల చీకటైంది!"

లోపలికి చూశాను. నిజమే. నిన్న వెలుతురుతో నిండిన గది ఇప్పుడు మూసిన పెట్టెలాగా ఉంది. నిన్న ఆ వెలుతురు కింద నుంచి వస్తున్నట్టు నాకు అనిపించింది కూడా.

కొరియా ఆమె మాత్రం ముగ్గు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. చేత్తో నీళ్లు ఆరిపోతాయన్నట్టు సైగ చేసి, అరుగు మీద నా పక్కన కూర్చుంది. అందరికీ బార్లీ టీ వచ్చింది. ఆరేదాకా చేసేదేముంది? అందరం వరసగా కూర్చున్నాం.

చలికాలపు ఎండ నెమ్మదిగా ఎక్కింది. ఇసుక అంచుల నుంచి తెల్లబడుతూ వచ్చింది. తెల్లబడినంత మేరా మా వెనక గదిలో వెలుతురు పాకింది. ముందు కాగితాల మీదికి, తర్వాత దూలాల మీదికి. నల్లటి దూలం బంగారు రంగు తిరిగింది. అంత అందం నా జన్మలో చూడలేదు. పక్కనున్న ఆమె నా మోచేయి గట్టిగా పట్టుకుంది.

అప్పుడు అల్లుణ్ని చూశాను. స్తంభానికి వీపు ఆనించి, కాళ్లు వేలాడదీసి, ఫోన్ పక్కన పడేసి కూర్చున్నాడు. చేతిలో టీ కప్పు ఖాళీ అయి ఎంతసేపయిందో.

"టీ అయిపోయింది గద బిడ్డా, లేవవా?"

"ఉండున్రి అత్తమ్మా. మంచిగుంది. జరంత సేపు కూసుంట."

"దేని మీద కూసున్నవ్?"

తల వంచి చూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. మా అమ్మాయి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"ఇది పాత ఇల్లు కదా..." అని గొణిగాడు.

"నీ గాజు ఇంటి ముందట ఉన్నదేంది మరి? నిన్న గన్ని ఫోటోలు తీస్తివి."

అందరం అటు చూశాం. గాజు గోడ పొడుగునా, పొడుగాటి చూరు కింద, అదే ఎత్తున అదే చెక్క అరుగు. తల్లి ఇంటిదే తీసి కూతురు తన ఇంటికి పెట్టుకున్నట్టు ఉంది. అల్లుడు ఫోన్ తీసి తన ఫోటోలు తనే చూసుకున్నాడు. అన్నిట్లోనూ అరుగు ఉంది.

"చలో" అన్నాడు. "ఓడిపోయిన. సోమవారం చెప్త."

చెప్పాడు. కంపెనీవాడు సణిగాడు, అయినా ఒప్పుకున్నాడు. ఇప్పుడు క్లైడ్ నార్త్‌లో మా వీధి మొత్తానికి ఒకటే అరుగు, ఉత్తరం ముఖంగా, పైన పొడుగాటి చూరుతో. ఈ దేశంలో ఎండ ఉత్తరం నుంచి వస్తుంది కదా, చలికాలం పొద్దంతా నా కాళ్ల మీదే ఉంటుంది. ఎదురింటి పంజాబీ ఆమె కొత్తిమీర ఒలుచుకోవడానికి వస్తుంది. కుక్కను తిప్పే తెల్ల ముసలాయన ముందు చేయి ఊపి పోయేవాడు, ఇప్పుడు కూర్చుని పోతున్నాడు. కుక్కకు కూడా అలవాటైంది, అతను రాకముందే అదే లాక్కొస్తుంది.

ఇది ఆ అరుగు మీదే రాద్దామని కాగితాలు పట్టుకుని వచ్చాను. ఎండ పడే చివర అల్లుడు లాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు మీటింగులో ఉన్నాడు.

"జరుగు" అన్నాను.

జరిగాడు.