అద్దంతో చదివిన పేరు

నా చిన్నప్పుడు మేము ఇల్లినాయిస్‌లో, చుట్టూ మొక్కజొన్న చేలున్న ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్న అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. ఊరు మొత్తానికి తెలుగువాళ్ళం మేమొక్కళ్ళమే. నోరారా తెలుగు మాట్లాడుకోవాలంటే ఆదివారం పూట కారెక్కి షికాగో దగ్గర అరోరాలో ఉన్న ఒక తెలుగు ఆంటీ వాళ్ళింటికి వెళ్ళాల్సిందే. అయినా అమ్మ ఆ ఊళ్ళో విసుగుపడగా నేనెప్పుడూ చూడలేదు. విశాఖపట్నంలో హిస్టరీ ఎం.ఏ. చదివిన మనిషి. వచ్చిన కొత్తలోనే కోర్టు వెనకున్న పాత జైలు భవనాన్ని వెతికి పట్టుకుంది. ఆ జైలుని కౌంటీ హిస్టారికల్ సొసైటీ వాళ్ళు మ్యూజియంగా మార్చారు. కింద గదుల్లో నాగళ్ళు, రాట్నాలు, పాతకాలపు పెళ్ళి గౌన్లు. పైన, ఒకప్పుడు ఖైదీలను ఉంచిన గదుల్లో వంశవృక్షాల లైబ్రరీ. తమ ముత్తాతలు ఏ దేశం నుంచి వచ్చారో, ఎక్కడ పొలం కొన్నారో తెలుసుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి, ఆ ఇనుప ఊచల మధ్య కూర్చుని పాత కాగితాలు తిరగేసేవారు.

దాన్ని నడిపే రిటైర్డ్ టీచరమ్మ దగ్గర అమ్మ వాలంటీరుగా చేరింది. నాకు పదేళ్ళప్పుడు, వేసవి సెలవులకి కాస్త ముందు, ఆ టీచరమ్మ మెట్లమీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. మంచం మీద నుంచే తాళాలగుత్తి అమ్మ చేతికిచ్చింది. మన తాతల సంగతులు చీర కట్టుకున్న ఈవిడకేం తెలుస్తాయని సొసైటీ కమిటీలో ఒకరిద్దరు గొణిగారట. "ఆవిడకి చదవడం వచ్చు, అడగడం వచ్చు, ఇంకేం కావాలి?" అని టీచరమ్మ వాళ్ళ నోరు మూయించిందట.

ఆ వేసవి నాకు పండగే. ఖైదీ గదిలో కూర్చుని అమ్మ కట్టిచ్చిన పెరుగన్నం తినేదాన్ని. బస్సుల్లో వచ్చే పిల్లలకి ఇనుప తలుపు కిర్రుమనిపించి చూపించేదాన్ని. మ్యూజియం మొత్తం నాదేనన్నంత దర్జా.

జులైలో ఓపెన్ హౌస్ ఉంది. ఊరంతా వచ్చే రోజు. దానికోసం ముందు గదిని ఈ కౌంటీలో మొదట స్థిరపడ్డ కుటుంబాల వస్తువులతో అలంకరించాలి. ఆ గదిలో అందరి కళ్ళూ పడేవి రెండే: ఒక పెద్ద మగ్గం, కాళ్ళతో తొక్కుతూ వాయించే ఒక ఆర్గన్. మగ్గం ఇచ్చింది ఎప్పుడూ విత్తనాల కంపెనీ టోపీ పెట్టుకుని తిరిగే ఒక రైతు పెద్దాయన. ఆర్గన్ ఇచ్చింది చర్చిలో ఆర్గన్ వాయించే ఒక పెద్దావిడ. ఇద్దరి ఇంటిపేరూ స్నైడరే. కాకపోతే ఇంగ్లీషులో రాసేటప్పుడు మధ్యలో పెద్దాయన 'ఐ' రాసేవాడు, పెద్దావిడ 'వై' రాసేది. 'వై' వాళ్ళు అసలు మా చుట్టాలే కారని ఆయన. చదువు రాక పేరు పాడుచేసుకున్నారు, వాళ్ళతో చుట్టరికమేమిటని ఆవిడ. వాళ్ళ తాతల నాటి గొడవ అది. ఎందుకు మొదలైందో ఎవరికీ గుర్తులేదు. కొనసాగించడం మాత్రం ఎవరూ మర్చిపోలేదు.

గోడమీద మొదటి స్నైడర్ పేరు ఏ స్పెల్లింగుతో పెడతారన్న ప్రశ్న వచ్చింది. 'వై' పెడితే మగ్గాన్ని ట్రక్కులో వేసుకుపోతానన్నాడు పెద్దాయన. 'ఐ' పెడితే ఆర్గన్ ఇంటికి పంపించెయ్యమంది పెద్దావిడ.

ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మ ఈ సంగతి చెబితే నాన్న పగలబడి నవ్వారు. నాన్నకీ, టెక్సాస్‌లో ఉన్న మా బాబాయికీ పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు వేరువేరు స్పెల్లింగులతో పడింది. "మేమిద్దరం దీనికోసం ఎప్పుడూ కొట్టుకోలేదే!" అన్నారు.

"నన్నడిగితే తెలుగులో రాసేస్తానండీ. స్నైడర్. ఇద్దరికీ ఒకటే స్పెల్లింగ్, గొడవే ఉండదు," అంది అమ్మ.

అందరం నవ్వాం కానీ, అమ్మ పళ్ళెంలో అన్నం అలాగే ఉండిపోవడం నేను చూశాను. ఆ రెండూ వెళ్ళిపోతే ముందు గది బోసిపోతుంది. ముందే చెప్పామా లేదా అని కమిటీలో వాళ్ళు అంటారు.

తరువాతి వారం అమ్మ రెండు ఫోన్లు చేసింది. పొలాల మధ్య ఒక పాడుబడ్డ శ్మశానం ఉంది, సమాధి రాళ్ళమీద పేర్లు చెరిగిపోకముందే రాసుకోవాలి, అద్దం వణక్కుండా పట్టుకునే గట్టి చెయ్యి కావాలి, మీరు వస్తారా అని పెద్దాయనని అడిగింది. పాత జర్మన్ అక్షరాలు చదవగలిగే కళ్ళు కావాలని పెద్దావిడని అడిగింది. రెండోవాళ్ళు వస్తున్నారన్న ముక్క ఎవరికీ చెప్పలేదు. నేను పక్కనే సోఫాలో నవ్వు ఆపుకోలేక దిండు నోట్లో కుక్కుకున్నాను.

ముందు పెద్దావిడని ఎక్కించుకున్నాం. తన ఫారం దగ్గర పెద్దాయన మా కారు వెనక తలుపు తీసి, ముందు సీట్లో ఉన్న మనిషిని చూసి, తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఈవిడ కూడా వస్తోందని చెప్పలేదే," అన్నాడు.

"రాళ్ళు చాలా ఉన్నాయండీ, ఒక్కరి వల్ల అయ్యే పని కాదు," అంది అమ్మ, వంటింట్లో ఉప్పు అందుకున్నంత మామూలుగా.

ఆయన నా పక్కన కూర్చుని, దారంతా కిటికీ వైపే చూస్తూ నాకు మాత్రం ఒక పిప్పరమెంటు ఇచ్చాడు.

శ్మశానం మొక్కజొన్న చేల మధ్య చిన్న మిట్టమీద ఉంది. అమ్మ వాళ్ళకి పద్ధతి చూపించింది. అద్దంతో ఎండని రాయి మీదకి పక్కనుంచి పడేలా తిప్పితే, అరిగిపోయిన అక్షరాల్లోకి నీడ చేరుతుంది. అంతవరకూ ఏమీ లేదనుకున్న రాయి మీద పేరు తేలివస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నేను కేక పెట్టాను. వాళ్ళిద్దరినీ మొదటి వరసలో వదిలేసి, మనం కలుపు తీద్దాం రా అని అమ్మ నన్ను అటు చివరకి తీసుకుపోయింది.

తీసుకుపోయిందే కానీ నాకు అక్కడ ఉండే వీలెక్కడ?

"పాపా, నీడకి అడ్డం తప్పుకోమని ఆవిడతో చెప్పు!"

"పాపా, అద్దం కాస్త ఎత్తమని ఆయనతో చెప్పు!"

రెండడుగుల దూరంలో ఉన్న మనుషులకి కబుర్లు మోస్తూ నేను పరిగెత్తాను. కొంతసేపటికి, ఏ రాయి దగ్గరో తెలియదు, పిలుపులు ఆగిపోయాయి. తల ఎత్తి చూస్తే ఇద్దరూ ఒకే రాయి మీదకి వంగి, అది మూడా ఎనిమిదా అని నేరుగా వాదించుకుంటున్నారు. మధ్యాహ్నం చెట్టుకింద అమ్మ పులిహోర పెట్టింది. పెద్దాయన వేరుశనగ గింజలు ఏరుకుని ముందు తిన్నాడు. పెద్దావిడ అది చూసి, తన పళ్ళెంలో గింజలు కూడా ఆయన వైపు తోసింది.

భోజనాలయ్యాక చివరి వరసకి వెళ్ళారు. ఆయన అద్దం పట్టాడు. ఆవిడ ఒక్కో అక్షరం పైకి చదవసాగింది. ఎస్. సి. హెచ్. ఎన్. ఇ. ఐ.

"అదిగో ఐ!" అని పెద్దాయన అరిచిన అరుపుకి చేలోంచి పిట్టలు లేచాయి. "నేను చెప్పలా?"

"ఐ ఒక్కటేనా? ముందు సి ఉంది, హెచ్ ఉంది, ఇ ఉంది. అవన్నీ ఎక్కడ పారేశారు మీరు?"

"మీరు పారేసిన చోటే!"

ఒక్క క్షణం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది పెద్దావిడే. ఆ తరువాత పెద్దాయన నవ్వు మొదలైంది. టోపీ కిందపడినా తీసుకోకుండా, రాయిని పట్టుకుని ఊగిపోతూ నవ్వాడు. ఇద్దరూ కాపాడుకుంటూ వచ్చిన స్పెల్లింగులు రెండూ ఆ మొదటి మనిషివి కావు. రాయి మీద ఉన్నది ష్నైడర్, అంటే జర్మన్‌లో దర్జీ అట. పేరు కింద, ఈ రాయిని నిలబెట్టింది ఆయన కొడుకులిద్దరూ అని రాసి ఉంది. ఒక కొడుకు పేరు పెద్దాయన ముత్తాతది, ఇంకొకటి పెద్దావిడ ముత్తాతది.

"అయితే నువ్వు నాకు చెల్లెలివవుతావా?" అన్నాడాయన కళ్ళు తుడుచుకుంటూ.

"అక్కని. నీకంటే పెద్దదాన్ని. ఆ టోపీ తీసి పెట్టుకో, ఎండ తగులుతుంది."

వాళ్ళు కేకేస్తే అప్పుడొచ్చింది అమ్మ, చేతినిండా గడ్డితో. రాయిని చూసి, అవునా, ఎంత చిత్రం అంటూ కళ్ళు పెద్దవి చేసింది. ఆ కళ్ళు చూడగానే నాకు అనుమానం వచ్చింది. తిరుగు ప్రయాణంలో ఇద్దరూ వెనకసీట్లో కూర్చుంటామన్నారు. నన్ను ముందుకి పంపించేశారు. వాళ్ళని దింపేసి మేమిద్దరమే మిగిలాక అడిగాను.

"అమ్మా, నీకు ముందే తెలుసు కదూ?"

అమ్మ రోడ్డు మీదనుంచి చూపు తిప్పలేదు. "పోయిన వారం ఒక పొద్దున్న నువ్వింకా నిద్ర లేవకముందే వెళ్ళి చూసొచ్చాను."

"మరి ఫోన్‌లోనే చెప్పేసి ఉంటే ఇంత పని ఉండేది కాదుగా!"

"చెప్తే వినేవాళ్ళా? పైగా, వాళ్ళ పేరు వాళ్ళకి నేను చెప్పడం ఏం బావుంటుంది? వాళ్ళే చూసుకోవాలి." కారుని మా వీధిలోకి తిప్పుతూ, "మధ్యలో కోపమొచ్చి నడుచుకుంటూ వెళ్ళిపోతారేమోనని ఎంత భయపడ్డానో తెలుసా!" అని గట్టిగా నవ్వేసింది.

ఓపెన్ హౌస్ రోజున గోడమీద మూడు స్పెల్లింగులూ ఒకదాని కింద ఒకటి పెట్టాం. టీచరమ్మ చక్రాల కుర్చీలో వచ్చింది. పెద్దాయన మగ్గం ఆడించి చూపించాడు. పెద్దావిడ ఆర్గన్ వాయించింది. వచ్చినవాళ్ళందరినీ ఆపి, ఆ రాయి సంగతి ముందు కనిపెట్టింది నేనంటే నేనని ఇద్దరూ సాయంత్రం దాకా వాదించుకున్నారు. అమ్మ ఊసు ఎవరూ ఎత్తలేదు. అమ్మ నిమ్మరసం గ్లాసులు అందిస్తూ, ఆ వాదన విని మురిసిపోతూ తిరిగింది. గొణిగిన కమిటీ పెద్దమనిషి కూడా రెండుసార్లు నిమ్మరసం తాగి, వచ్చే ఏడు కూడా తాళాలు మీ దగ్గరే ఉంచుకోండి అన్నాడు.

ఇప్పుడు నాకు అరవై దగ్గరపడుతోంది. ముప్పై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పాను. ఇంట్లో మనవరాలికి బూట్ల లేసులు కట్టుకోవడం నేర్పుతున్నాను. ఎదుటివాళ్ళకి కావలసిన జవాబు నా నాలుక చివర దాకా వచ్చి ఆగలేని వేళల్లో, ఆ మిట్ట మీద అటు చివర కూర్చున్న అమ్మ గుర్తొస్తుంది. వీపు ఇటు, చెవులన్నీ అటు. అప్పటికే శుభ్రంగా ఉన్న నేలని మళ్ళీ మళ్ళీ గీకుతూ, వెనక్కి తిరగకుండా, ఆ నవ్వు కోసం కాచుకున్న అమ్మ. అప్పుడు నేనూ నోరు కట్టేసుకుని, చేతికి దొరికిన ఏదో ఒక పనిలో పడిపోతాను.