గోల్డ్ ఫిష్‌కి మూడు రోజుల పస్తు

మా ఆయన సినిమాల్లో చిన్న వేషాలు వేసేవారు. పెళ్లిపెద్ద, హెడ్ కానిస్టేబులు, హీరోయిన్ మేనమామ. ఇండస్ట్రీ మద్రాసు నుంచి హైదరాబాదుకి తరలివస్తుంటే మేమూ సామాను లారీకెత్తించి, ఫిల్మ్ నగర్‌లో రెండు గదుల వాటాలో దిగాం. తొంభైల మొదట్లో సంగతి. ఇక్కడికొస్తే రోజూ షూటింగేనన్నారు. రెండేళ్లు తిరిగేసరికి పిలుపులు తగ్గాయి. ఎందుకు తగ్గాయో అడగడానికి లేదు. ఈ రంగంలో మీరు వద్దని మొహం మీద ఎవరూ అనరు. ఫోన్ చేయరు, అంతే.

మా హాల్లో ఫోను పక్కనే చేపల తొట్టె ఉండేది. ఏదో సెట్టు విప్పేస్తుంటే ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు ఆయనకిచ్చారు. అందులో ఉన్నది ఒక్కటే గోల్డ్ ఫిష్. ఆయన పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఫోను దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఆయన్ని చూడగానే అది అద్దం దగ్గరికొచ్చి తోకాడించేది.

"చూశావా, నన్ను గుర్తుపట్టింది" అనేవారు.

"గుర్తుపట్టింది మిమ్మల్ని కాదు, మేత డబ్బాని" అనేదాన్ని నేను. నా నోరు మంచిది కాదు. మా పుట్టింటివాళ్లే ఒప్పుకున్న విషయం అది.

ఒకరోజు చేప పక్కకి ఒరిగి ఈదుతోంది. మర్నాటికి తల కిందికి, తోక పైకి. మూడోనాటికి పొట్ట పైకి పెట్టి తేలిపోయింది. చచ్చిందనుకుంటే రెక్కలు టపటపలాడించి కిందికి దూకుతుంది. నీళ్లలోకి నొక్కి వదిలేసిన బెండుముక్కలా మళ్లీ పైకి తేలుతుంది. మనుషులకే పడని ఊరి నీళ్లు చేపకేం పడతాయని, ముందురోజు పట్టి ఉంచిన నీళ్లతో సగం తొట్టె మార్చాను. లాభం లేదు. ఇంటి ఓనరావిడ చూసి దిష్టి తగిలిందంది. దాన్ని చూసి ఎవరికి కన్నుకుట్టిందో నాకైతే అర్థం కాలేదు.

ఆ మధ్యాహ్నం ఆయన అన్నం కలిపి వదిలేశారు. "ఇది కూడా పోతే..." అని, మిగతా మాట మింగేశారు. పెద్ద గాజు సీసాలో తొట్టె నీళ్లు పోసి, చేపని అందులోకి వదిలి, ఇద్దరం ఆటో ఎక్కాం. టోలిచౌకిలో చేపల దుకాణం ఉందని విన్నాం. షేక్‌పేట గతుకుల్లో ఆటో ఎగిరినప్పుడల్లా ఆయన సీసాని గుండెకి హత్తుకున్నారు.

దుకాణం పెద్దాయన సీసాని వెలుతురుకెత్తి, పక్కనుంచీ పైనుంచీ చూశాడు.

"పొలుసులు లేస్తలేవు. గవి నిక్కినయంటే ఇగ ఆశ లేదు. దీనికి మంచిగనే ఉన్నయి" అన్నాడు. తర్వాత పొట్ట చూపించాడు. "ఎట్లుబ్బిందో చూడుండ్రి. లోపల గాలి తిత్తి ఉంటది, దాంతోనే సీదా ఈదుతది. మేత ఎక్కువైతే కడుపుబ్బి గా తిత్తిని ఒత్తుతది. ఇగ తిప్పలే. దినానికి ఎన్నిసార్లు ఏస్తున్నరమ్మా?"

నేను వేసేది పొద్దున ఒక్కసారి. అదే చెప్పబోయి ఆగిపోయాను. వంటింట్లోకి రోజంతా వినిపించే డబ్బా మూత చప్పుడు గుర్తొచ్చింది. ఎవరో రాంగ్ నంబరు చేసి పెట్టేశాక ఒకసారి. ఫోను ఇంటి ఓనర్ల కోసమైతే వాళ్లని పిలిచొచ్చాక ఒకసారి. అసలు మోగకపోతే ఇంకో రెండుసార్లు. రోజూ వింటూనే ఉన్నాను, పట్టించుకోలేదు. ఆయన సీసావైపే చూస్తున్నారు. చెవులు ఎర్రబడ్డాయి.

"నేనేనండీ" అన్నాను. "చూసినప్పుడల్లా వేస్తుంటాను. తెలియక."

"గట్లయితే ఎట్లమ్మా? ప్రేమతోనే దాని పానం దీస్తున్నరు" అన్నాడు పెద్దాయన. "మూడు దినాలు ఏం పెట్టకుండ్రి. నాలుగో దినం పచ్చి బఠాణీ ఉడకబెట్టి, పొట్టు దీసి, జర నలిపి ఏయుండ్రి. ఫికర్ చెయ్యకుండ్రి, బతుకుతది."

వచ్చేటప్పుడు ఆటోలో సీసా మళ్లీ ఆయన ఒళ్లోనే ఉంది. ఇంకో రోజైతే ఉతికి ఆరేసేదాన్ని. ఆ రోజు నోరు రాలేదు. ఆయన చేతికోసం ఎదురుచూసే ప్రాణి లోకంలో అదొక్కటే మిగిలింది, దానికీ ఆ చెయ్యే చేటయింది. ఆయన్ని చూస్తే జాలి ముంచుకొచ్చింది. ఇంటికొచ్చి మంచినీళ్లిచ్చాను, అడక్కుండానే కాఫీ కలిపాను.

మొదటిరోజు ఆయన కనబడ్డప్పుడల్లా చేప ఒరుగుతూనే అద్దం దగ్గరికొచ్చి నోరు తెరిచింది. చూడలేక ఆయన కుర్చీని గోడవైపు తిప్పుకున్నారు. రెండోరోజు నేను హాల్లోకి వచ్చేసరికి డబ్బా మూత తీసి పట్టుకున్నారు.

"వాసన చూస్తున్నా, పాడైందేమోనని" అన్నారు.

నాకు నవ్వాగలేదు. ఆయనా నవ్వారు. నేను మెల్లగా "వద్దండీ" అన్నాను, అంతే. మూడోరోజు సాయంత్రం చేప గులకరాళ్ల దాకా దిగి, కాసేపు నిలిచి, మళ్లీ తేలింది. నాలుగోరోజు బఠాణీ ఆయనే గోటితో ఒలిచి నలిపారు. అది నోట్లోకి తీసుకుని ఊసింది, మళ్లీ తీసుకుంది. మర్నాడు మధ్యాహ్నానికి తిన్నగా, మామూలుగా ఈదుతోంది.

అప్పుడే ఫోను మోగింది. "లేదండీ, రాంగ్ నంబరు" అని ఆయన అనడం వినిపించింది. కాసేపటికి వంటింటి గుమ్మంలోకొచ్చి మేత డబ్బా నా చేతిలో పెట్టారు.

"ఇది నీ దగ్గరే ఉంచు. నేనడిగినా ఇవ్వకు" అన్నారు. వెళ్లిపోతారనుకున్నాను, వెళ్లలేదు. "ఆ రోజు షాపులో నన్ను కాచావు. ఇంటికొచ్చాకైనా తిడతావనుకున్నాను. తిట్టలేదు. ఇన్ని రోజులైనా తిట్టలేదు. నువ్వూ నన్ను వదిలేశావేమోనని నాకప్పుడు భయమేసిందే."

తిట్టాను. బుద్ధుందా అని, మనిషన్నాక లెక్కుండదా అని, ఆపకుండా, నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన గుమ్మానికి ఆనుకుని, అంతా అయ్యేదాకా వింటూ నిలబడ్డారు.