అతని బదులు గోదావరికి

ఢిల్లీలో నేను పనిచేసిన ఆఫీసుకు బయట బోర్డు ఉండేది కాదు. మణుగూరులో మా వాళ్లకు మాత్రం సెంట్రల్ గవర్నమెంటులో గుమాస్తా ఉద్యోగమని చెప్పుకున్నాను. బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మా నాన్న అంతకుమించి ఎప్పుడూ అడగలేదు.

ఎవరినైనా రహస్యంగా పరాయి దేశానికి పంపాలనుకున్నప్పుడు, ఆ మనిషికి ఒక కొత్త జీవితం తయారుచేయడం నా పని. ఎక్కడ పుట్టాడు, ఏ బళ్లో చదివాడు, పెళ్లెందుకు చేసుకోలేదు, చిన్నప్పుడు జ్వరమొస్తే వాళ్లమ్మ ఏం తినిపించేది, ఇవన్నీ నేను కల్పించాలి. పాస్‌పోర్టూ ప్రయాణమూ వేరేవాళ్లు చూసుకునేవారు.

ఆ ఏడు మేం వేసిన పథకం ఏ దేశ ప్రభుత్వం మీదో ఇప్పటికీ చెప్పకూడదు. అక్కడి రేవు పట్టణంలో మిర్చి దిగుమతి వ్యాపారం ఒకటి పెట్టాలి. దాన్ని నడిపే మనిషి మెల్లగా రేవు అధికారులతో స్నేహం చేసి, వాళ్లు దాచిపెట్టి దించుకుంటున్న సరుకేమిటో కనుక్కోవాలి.

అందుకు ఎంచుకున్నవాడు బోనకల్ దగ్గరి పల్లెవాడు. మిర్చి కల్లాల్లో పెరిగాడు కాబట్టి సరుకు గురించి ఎవరేమడిగినా తడబడడు. తండ్రి లేడు. ఊళ్లో తల్లి, పెళ్లయిన అక్క. మొదటిరోజు నా మాట తీరు విని, "మేడం, మీది మా దిక్కేనా?" అని ఎంతో సంబరపడ్డాడు. మరుసటి రోజు నుంచి అతనితో ఎవరూ తెలుగు మాట్లాడకూడదన్నారు. నాకూ అదే నియమం.

శిక్షణలో ఉన్నట్టుండి ఎవరో ఒకరు అతని చేతిమీద వేడి టీ ఒలికించేవారు. మొదట్లో "అమ్మా" అని అరిచేవాడు. అలా అరవకూడదు. నొప్పి కూడా అతనికి నేర్పుతున్న కొత్త భాషలోనే బయటికి రావాలి. కొన్నాళ్లకు అలాగే రావడం మొదలైంది. గడ్డం పెంచాడు. విదేశంలో ట్రైనింగని ఇంట్లో చెప్పి ఫోన్లు ఆపేశాడు.

ఇక బయల్దేరాల్సిన సమయంలో వాళ్లమ్మ పోయింది. గుండెపోటు. ఖమ్మం దవాఖానాకు తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయిందట.

మా పెద్దాఫీసరు అతన్ని ఆపలేదు. కానీ ఇప్పుడు చావు దగ్గర కూడా అందరూ ఫోన్లు పట్టుకుని వీడియోలు తీస్తారనీ, గడ్డంతో ఉన్న ఆ ముఖం ఒక్కసారి బయటపడితే ఇక ఈ పథకం ఉండదనీ చెప్పమన్నాడు. చెప్పడానికి నన్నే పంపాడు. నియమం పక్కనపెట్టి తెలుగులోనే చెప్పాను. అతను నావంక చూసి, ఆ కొత్త భాషలో "ఎప్పుడు?" అన్నాడు. కళ్లలో చుక్క నీరు లేదు. చివరికి తెలుగులోకి వచ్చాడు.

"నేను పోను మేడం. ఇందరు పడ్డ కష్టం ఆగమైతది. మీరు పోయి రండ్రి. మా అక్క ఒక్కతే ఉంటది."

నేను చేరేసరికి దహనం అయిపోయింది. తమ్ముడు వస్తే గోదావరిలో కలుపుతాడని అక్క అస్థికలను కుండలో పెట్టి, గుడ్డ చుట్టి, పెరట్లో చెట్టుకు కట్టి ఉంచింది. తమ్ముడితో కలిసి పనిచేస్తానని, అతనికి రావడానికి వీలుపడలేదని చెప్పాను.

"ప్రాణంతోనన్న ఉన్నడా? నిజం చెప్పు చెల్లె."

"ఉన్నడక్కా. ఒట్టు."

"మరి ఫోనెందుకు జెయ్యడు? పోయేముందు అమ్మ అంబులెన్సుల ఉన్న పిలగాని చెయ్యి పట్టుకుని, 'వచ్చినవా బిడ్డా' అన్నది. ఆ పిలగాడు కూడ పాపం, 'వచ్చిన అమ్మా' అన్నడు."

గోదావరికి రేపే పోదామా అని అడిగాను.

మర్నాడు ఇద్దరం కారు కిరాయికి తీసుకుని భద్రాచలం వెళ్లాం. పాల్వంచ దాటి అడవి మొదలైనా, వంతెన వచ్చినా అక్క ఒడిలోని కుండ మీద నుంచి చూపు తిప్పలేదు. ఘాట్ దగ్గర పంతులు, "కొడుకేడమ్మా?" అని అడిగాడు. అక్క నా చెయ్యి లాగి కుండ మీద పెట్టింది.

"వాడు పంపిన మనిషి. వాని దిక్కెల్లి ఈమె చెయ్యేస్తది."

అతని కోసం నేనొక తల్లిని కల్పించాను. ఆమెకు ఊరు, పేరు, వంటలు అన్నీ ఇచ్చాను. ఇప్పుడు అసలు తల్లి నా వేళ్ల మీదుగా నీళ్లలోకి జారిపోతోంది. ఎన్నడూ చూడని మనిషి కోసం మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అక్కే నన్ను ఓదార్చింది.

నేను ఢిల్లీ చేరాక కొద్దిరోజులకే ఆ దేశంతో మన ప్రభుత్వం చర్చలు మొదలుపెట్టింది. ఒక మీటింగులో మా పథకం రద్దయింది. మరో విషయంలోకి వెళ్లే ముందు పెద్దాఫీసరు అందరికీ థాంక్స్ చెప్పాడు. అంతే.

అతను గడ్డం తీయించుకుని ఊరికి వెళ్లాడు. అక్క తలుపు తీసింది. నీళ్లిచ్చింది, అన్నం పెట్టింది. అప్పటినుంచి అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత అతను ఉద్యోగం మానేసి ఊళ్లోనే మిర్చి వేసుకుంటున్నాడు. ఎక్కడికి పోయావని అడిగినవాళ్లకు ఇప్పటికీ జవాబు చెప్పలేడు. చెప్పనని సంతకం పెట్టాడు.

నేనూ ఉద్యోగం వదిలేసి ఖమ్మంలో ఖానాపురం హవేలిలో ఉంటున్నాను. మొన్న షేర్ ఆటో ఎక్కితే లోపల అక్క ఉంది. గుర్తుపట్టి నా పక్కకు జరిగింది.

"వాడు చెప్పడు. నువ్వన్న చెప్పు చెల్లె. అమ్మను గూడ సూడకుండ ఆగిండు గదా, ఆ పని అయిందా?"

"అయిందక్కా."

"ఎవలకన్న మంచి జరిగిందా?"

"జరిగింది."

కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "గట్లయితే సరే," అని బస్టాండు దగ్గర దిగిపోయింది.

ఆ సాయంత్రమే అతను ఫోన్ చేశాడు. "మేడం, అక్క మాట్లాడింది. పండుకునేముందు పెరుగన్నం తినిపొమ్మన్నది." వెంటనే అడిగాడు, "ఏం చెప్పిండ్రు ఆమెకు?"

చెప్పాను.

"గట్లనే ఉండనీయండ్రి," అన్నాడు.