ఎర్రబడని వేలు

ముందు కత్తెర చప్పుడు వినిపించేది. చెక్కబల్ల మీద గుడ్డ తెగుతూంటే ఎండుటాకుల మీద ఎవరో తొందర లేకుండా నడిచి వస్తున్నట్టుండేది. మెట్లెక్కి, వేలాడే బట్టల మధ్య తల వంచి లోపలికి వెళితే అప్పుడు కనిపించేది ఆవిడ. చెవి వెనక సుద్దముక్క, మెడలో టేపు, బల్ల మీదికి వంగిన సన్నటి వీపు. మా వీధిలో అందరం కత్తెరక్క అనేవాళ్ళం.

ఇంటి ముందుగదే దుకాణం. అక్క కత్తిరిస్తుంది, చెల్లెలు కుడుతుంది. మిషను మీద చెల్లెలికి చెయ్యి తిరిగింది కానీ కొత్తగుడ్డకి కత్తెర పెట్టాలంటే గుండె జారిపోయేది. "కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. కోత తప్పితే కూర్చుని ఏడవడమే," అనేది. అలా ఆ ఇంటి బతుకంతా అక్క కుడిచేతి మీద ఆనుకుని ఉండేది.

ఆ చేతికే కీళ్ళవాతం వచ్చింది. పొద్దున లేచేసరికి వేళ్ళు ఉబ్బి, వెచ్చబడి, అలిగిన తోబుట్టువుల్లా బిగుసుకుపోయేవి. కుళాయి తిరిగేది కాదు. జడ చెల్లెలే వేసేది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. ఒంట్లోకి ముల్లు దిగినా, క్రిమి చొరబడినా అక్కడి కణాలు కంటికి కనపడని అణువుల్ని వదులుతాయి. అవే కబుర్లు. కబురందగానే రక్తనాళాలు సడలి దారిస్తాయి, కాపలా కణాలు పరుగున వస్తాయి. ఆ చోటు ఎర్రబడటం, వేడెక్కడం, వాయడం ఆ రాకపోకల సందడే. పనయ్యాక ఆగమని చెప్పే కబుర్లు బయల్దేరతాయి, వాపు తగ్గుతుంది.

"మీ ఒంట్లో కాపలావాళ్ళు మీ కీళ్ళనే పరాయివనుకుంటున్నారమ్మా. రమ్మనే పిలుపు ఆగట్లేదు. ఆగమనే మాట ఆ గోలలో వినబడట్లేదు."

"దొంగని పట్టుకోమంటే ఇంటివాళ్ళని కొడుతున్నారన్నమాట," అంది అక్క.

వారానికోసారి పొట్టకి ఇంజెక్షను. ఆ మందు రమ్మనే కబుర్లలో ఒకదానికి తలుపు దగ్గరే అడ్డం నిలుస్తుంది. కొన్నాళ్ళకి వేళ్ళు వదులయ్యాయి. జడ తనే వేసుకుంది. డాక్టరమ్మ మాత్రం హెచ్చరించింది: "జ్వరం రావాలన్నా, వాపు రావాలన్నా ఆ కబురే కావాలి. ఇప్పుడు దెబ్బ తగిలితే ఒళ్ళు అరవకపోవచ్చు. చిన్న గాయమైనా వచ్చి చూపించండి." అక్క తలూపింది.

కానీ కుట్టుపనివాళ్ళకి సూదిపోటు గాయం కిందకి రాదు. గుచ్చుకోగానే వాళ్ళు వేలు చూసుకోరు, గుడ్డ చూసుకుంటారు, నెత్తుటి మరక పడిందేమోనని. ఒక పీలికకి వేలు తుడిచేసి పనిలో పడతారు. మర్నాటికి ఎర్రబడితే వేడినీళ్ళు, లేకపోతే మరుపు.

ఒకరోజు మందపాటి కోటుగుడ్డలోంచి గుండుసూది లాగబోతే జారి కుడి బొటనవేలి మొదట్లో లోతుగా దిగింది. పీలికకి తుడిచేసింది. మర్నాడు ఎరుపు లేదు, వేడి లేదు.

"చూశావటే, సూదికి కూడా నేనంటే భయమే," అంది చెల్లెలితో.

వేలు వంచితే లోపల కొంచెం లాగుతోంది. పాతజబ్బేలే అనుకుంది. ఒక మధ్యాహ్నం కోత సగంలో ఉండగా కత్తెర చేతిలోంచి జారి కిందపడింది. చెల్లెలు పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. గాలి లేని చెరువులా పైచర్మం నిమ్మళంగా ఉంది. ఆసుపత్రిలో కోసి చూస్తే లోపల వేలిని వంచే నరం వెంట చీము పాకింది. ఇంకాస్త ఆలస్యమైతే వేలు దక్కేది కాదన్నారు.

గాయం మానేదాకా ఇంజెక్షను ఆపేశారు. మిగతా వేళ్ళన్నీ మళ్ళీ ఉబ్బాయి. అక్క స్టూలు మీద కూర్చుంటే చెల్లెలు కత్తెర పట్టుకుంది.

"భయపడకే. అది పులి కాదు, పంట్లాం గుడ్డ."

"నువ్వు మాట్లాడకుండా ఉంటే భయపడను."

"మాట్లాడకపోతే ఎడమకాలు పొట్టిదవుతుంది."

అయింది కూడా. పంట్లాం కుట్టమన్నాయనకి వాళ్ళే కొత్తగుడ్డ కొనిచ్చారు.

బొటనవేలు నిలబడింది, కాస్త బిరుసుగా. మందు మళ్ళీ మొదలుపెట్టవచ్చని డాక్టరమ్మ అన్నరోజు చెల్లెలు మిషను ఆపేసింది.

"వద్దక్కా. నొప్పయితే కనబడుతుంది. ఆ నిశ్శబ్దమే నాకు భయం."

"నాకు మాత్రం భయం లేదటే? కానీ నొప్పితో నేను జడ కూడా వేసుకోలేను. భయంతో అయితే కత్తిరించగలను."

మందు తీసుకుంది. అప్పటినుంచి గుచ్చుకున్నా గుచ్చుకోకపోయినా, దుకాణం మూసేముందు రెండు చేతులూ బల్ల మీద పరుస్తుంది. చెల్లెలు ఒక్కో వేలూ నొక్కి, ఈ చేతికీ ఆ చేతికీ పోల్చి చూస్తుంది. ఏ మాత్రం తేడా ఉన్నా మర్నాడు దుకాణం మూత, ఆసుపత్రికి ప్రయాణం.

నేను ఆ వీధి విడిచి వెళ్ళే సాయంత్రం నా చొక్కాల కోసం వెళ్ళాను. చెల్లెలు దారాలకని బజారుకెళ్ళింది. అక్క చొక్కాలు మడిచి సంచిలో పెట్టింది. కానీ సంచి నా చేతికివ్వలేదు. దీపాన్ని దగ్గరకి లాక్కుని తన రెండు చేతులూ నా ముందు చాపింది.

"అది వచ్చేసరికి చీకటి పడుతుంది, ఇవాళ మీరు చూడండి. నా వేలు బాగానే ఉన్నానంటుంది, దాని మాట నేను నమ్మను. ఇదిగో, ఇక్కడ ఆ చేతికన్నా ఉబ్బుగా ఉందా? మొహమాటపడకండి, గట్టిగా నొక్కండి."