పడుకుని చూడందే అప్పగించడు

సోఫాలు బాగుచేసే స్ప్రింగుల బాబాయిదో పట్టింపు. పని పూర్తయ్యాక తను పడుకుని చూడందే సోఫా అప్పగించడు. మనుషుల్ని పడుకోబెట్టి చిన్ననాటి సంగతులు తవ్వితీసే మనసు డాక్టరమ్మ గదిలో సోఫాకి కొత్త స్ప్రింగులు వేసి, దానిమీదా అలాగే నడుం వాల్చాడు. ఆవిడ అలవాటు కొద్దీ తలవైపు కుర్చీ లాక్కుని, "చిన్నప్పటి ముచ్చటేదైనా చెప్పండి" అంది.

"ఏముందండీ! మంచమెక్కి తెగ గెంతేవాణ్ణి. ఓసారి అది కాస్తా విరిగింది. మా అమ్మ చేతిలో వీపు విమానం మోత మోగిపోయిందనుకోండి..." అంటూనే దిగ్గున లేచి కూర్చున్నాడు. "ఓర్నాయనో! అందుకా నేను జన్మంతా వీటినే బాగుచేస్తున్నాను!"

సంతోషం పట్టలేక అరవయ్యేళ్ల మనిషి సోఫా ఎక్కి గెంతాడు. కొత్త స్ప్రింగు ఠంగున తెగింది. డాక్టరమ్మ కళ్లజోడు పైనుంచి చూసింది.

బాబాయి రెండు చేతులూ వీపుకి అడ్డం పెట్టుకున్నాడు.

"నేను కాదమ్మా! తమ్ముడే గెంతాడు!"