ఇత్తడి గుల్లలో వంచిన తీగ

నా చిన్నప్పుడు, వయోమింగ్‌లో, మా మామయ్య గ్యారేజీలో కారుకి చోటుండేది కాదు. ఉన్న చోటంతా రీలోడింగ్ బల్లదే. పవర్ ప్లాంట్‌లో ఇంజనీరు, వేటంటే పిచ్చి. పేల్చిన తూటాల గుల్లల్ని పారేయకుండా సరిచేసి మళ్లీ మందు కూరుకునేవాడు. అవి మాగ్నమ్ రైఫిల్ గుల్లలు, అడుగున వడ్డాణంలా ఒక పట్టీ ఉండేది. అమ్మకి ఇదంతా అసలు నచ్చేది కాదు. పదకొండేళ్ల నాకు మాత్రం వేసవి సెలవులంటే ఆ బల్లే.

నా పని చిన్నది. పేలినప్పుడు ఉబ్బిన ఖాళీ గుల్లని ప్రెస్‌లో పెట్టి పిడి లాగితే, డై అనే ఉక్కు అచ్చు దాన్ని నొక్కి మునుపటి కొలతకి తెస్తుంది. డై ఎంత దిగాలో మామయ్యే బిగించి, ముట్టుకోవద్దన్నాడు. నాకేమో పిడి చివరిదాకా వెళ్లి ఠక్కుమంటేనే పని చేసినట్టుండేది. ఓ రోజు డైని కాస్త కిందికి తిప్పేశాను. గుల్లలు ముద్దుగా వచ్చాయి. వేసవంతా మామయ్య షూటింగ్ రేంజ్‌లో గురి చూసి కాల్చుకొచ్చేవాడు, నేను అవే ఇరవై గుల్లల్ని నొక్కేదాన్ని.

వేటకి ముందురోజు షిఫ్టు దిగి, ఒళ్లు హూనమై వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. పేపర్ క్లిప్పు సాపు చేసి, కొన వంచి, ఒక గుల్లలోకి దించి గోడ వెంట గీశాడు. ఆ తీగ నా చేతికిచ్చాడు. బయట తళతళలాడుతున్న గుల్ల లోపల, పట్టీకి కాస్త పైన, కొన గాడిలో పడి ఆగింది.

"డై తిప్పావా?"

తలూపాను. తిడతాడనుకున్నాను. కళ్లు మూసుకునే చెప్పాడు.

"మామూలు గుల్లని అంత నొక్కితే రైఫిల్‌లో లూజ్ అయిపోయి, ఒక్కోసారి పేలనే పేలదు. తెలిసిపోతుంది. దీన్ని పట్టీ పట్టుకుంటుంది కదమ్మా, ఎంత నొక్కినా ఫిట్ అవుతుంది. కాల్చినప్పుడల్లా సాగుతుంది, నువ్వు మళ్లీ నొక్కుతావ్. చివరికి ఆ గాడి దగ్గర రెండు ముక్కలవుతుంది. నా కంటికి ఇంత దూరంలో."

ఇరవై గుల్లల్నీ పటకారుతో చిదిమి చెత్తలో వేశాడు. ఊళ్లో కొత్తవి దొరకలేదు. ఎన్నో ఏళ్లు అప్లై చేస్తే ఆ ఏడాది వచ్చిన ఎల్క్ దుప్పి వేట పర్మిట్ గడువు వాడకుండానే అయిపోయింది. నా పేరు ఎవరికీ చెప్పలేదు. "ఇత్తడి అలిసిపోయిందక్కా," అన్నాడు అమ్మతో, అంతే. నాకు ఇప్పటికీ సిగ్గే.

నాకిప్పుడు అరవై దాటాయి. ముప్పై ఏళ్లు నర్సుగా డబుల్ షిఫ్టులు చేశాను, తర్వాత మనవల్ని ఎత్తుకున్నాను. ఎక్కడ పెట్టినా కుదురుకుంటాను కనుక, లోపల గాడి పడుతున్నా ఎవరికీ తెలియలేదు. మొన్న కాపెల్ ఊళ్లో ఉండే మా అమ్మాయి ఫోన్ చేసింది.

"మామ్, సమ్మర్ మొత్తం ఇక్కడ ఉండు. నువ్వు ఈజీగా అడ్జస్ట్ అవుతావ్ కదా."

అలిసిపోయాను, ఈసారి రాలేనన్నాను. నా మీద పిడిని చివరిదాకా లాగలేదు, మామయ్యా.