పరక తక్కువ ఒకటి

మా నాన్న జగ్గయ్యపేటలో ఎలిమెంటరీ స్కూలు మేష్టరు. అయిదో తరగతికి లెక్కలు ఆయనే చెప్పేవారు. ఊళ్ళో ఎవరి పిల్లవాడికైనా లెక్కలు రాకపోతే, ఆయన దగ్గర ఒక ఏడాది కూర్చోబెట్టండి అనేవాళ్ళు. ఒకటిలో నాలుగో వంతు కాలు, ఎనిమిదో వంతు పరక, పదహారో వంతు వీసం. వాటన్నిటికీ ఎక్కాలుండేవి. సాయంత్రం బడి వదిలేముందు పిల్లలంతా నిలబడి ఆ ఎక్కాలు గొంతెత్తి చెబుతుంటే నాన్న కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుని వినేవారు. అంతమందిలో ఒక్క గొంతు తప్పు పలికినా కళ్ళు తెరిచి సరిగ్గా ఆ పిల్లవాడి వంకే చూసేవారు. నేనూ అక్కడే చదివాను. కూతుర్నని నాకేమీ మినహాయింపు ఉండేది కాదు.

అయిదో తరగతి అయ్యాక నందిగామలో ఉండే మా పిన్ని నన్ను తన దగ్గరకు తెచ్చుకుంది. ఆమెకు పిల్లలు లేరు. నన్ను అక్కడి హైస్కూల్లో చేర్పించారు. లెక్కల్లో ఎప్పుడూ నేనే ముందుండేదాన్ని. అది నా గొప్ప అని నేనెప్పుడూ అనుకోలేదు. ముక్కు నాన్న పోలిక వచ్చినట్టే లెక్కలూ వచ్చాయనుకునేదాన్ని.

నేను థర్డు ఫారంలో, ఇప్పటి ఎనిమిదో తరగతిలో, ఉండగా, అంటే నయాపైసలు వచ్చిన మరుసటి ఏడు, ఎలిమెంటరీ మేష్టర్లకు వారం రోజులు నందిగామలో తరగతులు పెట్టారు. ఇక మీదట అన్నీ పదుల్లో, వందల్లోనే నడుస్తాయనీ, కింది తరగతుల నుంచే పిల్లలకు దశాంశాలూ శాతాలూ గట్టిగా చెప్పాలనీ, ముందు మేష్టర్లకు అవి రావాలనీ పై వాళ్ళు అనుకున్నారు. ఆ తరగతులు మా హైస్కూలు హాల్లోనే. నాన్నకూ ఆర్డరు వచ్చింది. ఆదివారం సాయంత్రం చేతిసంచీతో బస్సు దిగి పిన్ని ఇంటికి వచ్చారు.

సోమవారం పొద్దున ఇద్దరం కలిసే బయలుదేరాం. నాన్న ఇస్త్రీ చేసిన లాల్చీ వేసుకున్నారు, భుజాన కండువా. నేను పుస్తకాలు గుండెకు హత్తుకుని పక్కన నడుస్తున్నాను.

"ఇద్దరం బడిపిల్లలమే ఇవాళ. నీకు హోంవర్కు ఇస్తే నాకు చూపించు. నాకిస్తే నేను చూపిస్తా" అని నవ్వారు.

దారిలో ఎదురైన మా క్లాసు అమ్మాయిలకు 'మా నాన్న' అని చెప్పాను. గర్వంగానే చెప్పాను. ఆ మాట చెప్పేటప్పుడు నా నడక కూడా కొంచెం మారి ఉంటుంది.

తరగతులు చెప్పడానికి వచ్చినాయన బెజవాడ నుంచి వచ్చారు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ప్యాంటు, బూట్లు. గబగబా మాట్లాడతారు. చెడ్డాయనేం కాదు. ఈ మాట తర్వాత చాలా ఏళ్ళకు గాని నేను అనుకోలేకపోయాను.

మొదటి రెండు రోజులూ నాన్న ఇంటికి వచ్చాక ఆ తరగతుల ఊసు ఎత్తలేదు. ఎలా ఉన్నాయని బాబాయి అడిగితే, "ఏముందండీ, తెలిసిన లెక్కలకే కొత్త పేర్లు" అన్నారు. కాని మంగళవారం సాయంత్రం అరుగు మీద కూర్చుని పలక మీద ఏదో రాస్తూ చెరుపుతూ ఉండటం చూశాను. నేను దగ్గరకు వెళ్ళగానే పలక బోర్లించి, "మీ పిన్ని కాఫీ పెట్టిందేమో చూడు" అన్నారు.

బుధవారం మధ్యాహ్నం మా క్లాసులో భూగోళం జరుగుతోంది. ప్యూను వచ్చి మా మేష్టారితో, "హాల్లో ఉన్న సారు, లెక్కలు బాగా వచ్చిన పిల్లల్నెవరినైనా ఒకళ్ళని పంపమన్నారండి" అని చెప్పాడు. మేష్టారు క్లాసంతా ఒకసారి చూసి నన్ను పొమ్మన్నారు. ఎందుకో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. ఎవరైనా అధికారి వచ్చాడేమో, బహుమతేమో అనుకుంటూ వోణీ సర్దుకుని వెళ్ళాను.

హాలు గుమ్మంలోకి వెళ్ళేసరికి నాన్న నల్లబల్ల దగ్గర నిలబడి ఉన్నారు. చేతిలో సుద్దముక్క ఉంది. వేళ్ళకే కాదు, లాల్చీ జేబు మీద, కండువా అంచు మీద కూడా సుద్ద అంటింది. బెంచీల మీద ముప్పై నలభైమంది మేష్టర్లు. కొందరి ముఖాల మీద నవ్వు ఇంకా ఉంది. అప్పటిదాకా ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. ఒక తరగతిలో నలభైమంది పిల్లలుంటే ముప్పై అయిదుమంది వచ్చారు, హాజరు ఎంత శాతమని బెజవాడ ఆయన అడిగారట. నాన్న కూర్చున్న చోటి నుంచే, "పరక తక్కువ ఒకటండి" అన్నారట. పరకలూ వీసాలూ వద్దు మేష్టారూ, వచ్చి బోర్డు మీద దశాంశంలో వేయండి అని పిలిచారట ఆయన.

బోర్డు మీద నాన్న అక్షరం. బడిలో నాకు అంకెలు నేర్పిన ఆ గుండ్రని అక్షరంతోనే 35.40 అని రాసి ఉంది. రూపాయలకూ పైసలకూ మధ్య చుక్క పెడుతున్నారు కదా, అలాగే వచ్చినవాళ్ళకూ మొత్తానికీ మధ్య చుక్క పెట్టారన్నమాట. నాకు ఒక్క చూపులో అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండేది.

"రామ్మా" అన్నారు బెజవాడ ఆయన. "ఈ లెక్క చెయ్యి. నలభైమందిలో ముప్పై అయిదుమంది. ముందు దశాంశం, తర్వాత శాతం. మేష్టారూ, సుద్దముక్క ఆ అమ్మాయికివ్వండి."

నాన్న సుద్దముక్క నా చేతికిచ్చారు. ఆయన వేళ్ళు తడిగా ఉన్నాయి. నా వంక చూడలేదు. ఒక అడుగు పక్కకు జరిగారు గాని వెళ్ళి కూర్చోలేదు. కూర్చోమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

రాదని చెప్పేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. తప్పు చేసేద్దామా అనిపించింది. కాని తప్పు చెయ్యడం కూడా నేర్చుకోవాలి. నాకు అది రాదు. బోర్డు ముందు నిలబెడితే లెక్క సరిగ్గా చెయ్యాలి, అంతే. అలాగని నేర్పినాయనే పక్కన నిలబడి ఉన్నారు. ముప్పై అయిదును నలభై పెట్టి భాగించాను. సున్నా, పాయింటు, ఎనిమిది, ఏడు, అయిదు. దాన్ని వందతో హెచ్చవేసి చుక్క రెండు స్థానాలు జరిపి ఎనభై ఏడున్నర శాతమని రాశాను.

"చూశారా!" అన్నారు ఆయన చప్పట్లు కొడుతూ. "పరికిణీ కట్టుకునే పిల్ల. నిమిషం పట్టలేదు. ఇందులో బ్రహ్మవిద్యేం లేదండీ."

మేష్టర్లూ చప్పట్లు కొట్టారు. అప్పుడు వెనక బెంచీ నుంచి కంచికచర్ల మేష్టరొకాయన లేచారు. మా ఇంటికి రెండుమూడు సార్లు వచ్చిన మనిషి. "అయ్యా, ఆ అమ్మాయి ఈ మేష్టారి కూతురేనండి" అన్నారు. మంచి ఉద్దేశంతోనే అన్నారు. నాన్నను ఆదుకుందామని అన్నారు.

చప్పట్లు ఆగిపోయాయి. బెజవాడ ఆయన ముఖం కూడా ఎర్రబడింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "అలాగా! ఇంకేమండీ మరి, మేష్టర్ని ఇంట్లోనే పెట్టుకున్నారు" అన్నారు. అందరూ మళ్ళీ నవ్వారు.

నాన్న కూడా నవ్వారు. రెండు చేతులూ జోడించి, "అవునండి, మా అమ్మాయేనండి" అన్నారు. ఆ నవ్వు నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. బడి తనిఖీకి వచ్చినవాళ్ళ ముందు వంటమనిషో ప్యూనో నవ్వే నవ్వు అది. క్లాసుకు తిరిగి వెళ్ళడానికి నాకు దారి తెలియనట్టయింది.

సాయంత్రం నాన్న నా కోసం గేటు దగ్గర ఆగలేదు. నేను ఇంటికి వెళ్ళేసరికే బాబాయికి బజారులో ఎవరో చెప్పారు. "ఏమండీ అన్నయ్యగారూ, మా అమ్మాయి మీకు పాఠం చెప్పిందటగా" అని నవ్వుతూ అన్నాడు. పిన్ని వంటింట్లోంచి బాబాయి వంక కళ్ళెర్రజేసి చూసింది. "చెప్పింది. బాగా చెప్పింది" అన్నారు నాన్న. చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నారు. పెరుగు వేసుకోకుండానే లేచారు.

మర్నాడు నేను జ్వరమని పడుకున్నాను. క్లాసులో అప్పటికే నాకు 'నాన్న పంతులమ్మ' అని పేరు పెట్టారు. పిన్ని నుదుటి మీద చెయ్యి వేసి, "ఒళ్ళు వెచ్చగా లేదేమ్మా" అంది. అయినా బలవంతం చెయ్యలేదు. నాన్న మాత్రం ఎప్పటిలాగే తయారై వెళ్ళారు. నిన్నటి లాల్చీయే. సుద్ద మరకలు నీళ్ళతో తుడుచుకున్నట్టున్నారు, అక్కడక్కడా తడి కనిపించింది. నేను ముఖం చాటేసి దుప్పటి కింద ఉన్నాను, ఆయన ఆ హాల్లోకి వెళ్ళి అదే బెంచీ మీద కూర్చోవడానికి వెళుతున్నారు.

సాయంత్రం వచ్చి నా మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. చేతిలో పలక.

"జ్వరం తగ్గిందా?"

"తగ్గింది నాన్నా."

"ఒక మాట అడుగుతాను. నిన్న నేను 'పరక తక్కువ ఒకటి' అన్నాను. అది తప్పా?"

నేను లేచి కూర్చున్నాను. పలక తీసుకుని ఒకటిని ఎనిమిది పెట్టి భాగించాను. సున్నా పాయింటు ఒకటి రెండు అయిదు. దాన్ని ఒకటిలోంచి తీసేశాను.

"తప్పు కాదు నాన్నా. అదీ ఇదీ ఒకటే. ఎనభై ఏడున్నర శాతమే."

"ఒకటేనా?"

"ఒకటే."

పలక తీసుకుని నేను వేసిన అంకెల మీద వేలు పెట్టి చూసుకున్నారు. "మరి ఆయన వద్దన్నాడే" అన్నారు. కోపంగా కాదు, చిన్నపిల్లవాడు అడిగినట్టు.

"ఆయనకు పరకలు రావేమో నాన్నా."

"కావచ్చు. నాకు ఆయనవి రావు." పలక నా ఒళ్ళో పెట్టారు. "నేర్పు. ఎల్లుండి పరీక్ష పెడతారట."

నేర్పాను. అది ఎలా గడిచిందో చెప్పాలంటే ఇప్పటికీ నాకు సిగ్గు వేస్తుంది. ఆయన నా ముందు పీట మీద, నేను ఎత్తుగా మంచం మీద. చుక్క ఎటు జరపాలన్న దగ్గర ఆయన పదే పదే పొరపడేవారు. వందతో హెచ్చిస్తే కుడికి, భాగిస్తే ఎడమకు అని చెబితే, "ఎందుకని?" అనేవారు. ఎందుకో నాకు తెలియదు. మాకు అలా జరపమని మాత్రమే చెప్పారు. కారణం తెలియకుండా ఆయన దేన్నీ ఒప్పుకోలేరు. నేను విసుక్కున్నాను. "మళ్ళీ తప్పు!" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి అచ్చం ఆయన గొంతుతో వచ్చింది. వంటింట్లో పిన్ని చేస్తున్న చప్పుడు ఆగిపోయింది. నాన్న చెరిపి మళ్ళీ వేశారు.

శనివారం పరీక్షలో ఆయన గట్టెక్కారు. అందరి మార్కులూ శాతాల్లో రాసి హాలు తలుపుకు అంటించారు. నాన్నది కింది నుంచి లెక్కపెడితే త్వరగా దొరికే పేరు. మేష్టర్లంతా వెళ్ళిపోయాక చూద్దామని ఆగాను గాని, మా క్లాసు అమ్మాయిలు నాకంటే ముందే చూసి వచ్చి చెప్పారు.

వేసవి సెలవులకు జగ్గయ్యపేట వెళ్ళినప్పుడు అమ్మ చెప్పింది. నందిగామ నుంచి వచ్చాక నాన్న కొత్త ఎక్కం ఒకటి కట్టారట. కాలంటే సున్నా పాయింటు రెండు అయిదు, పరకంటే సున్నా పాయింటు ఒకటి రెండు అయిదు, ఇలా పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి. పిల్లలు నెలలోపే నోటికి పట్టేశారట. చుక్క ఎందుకు జరుగుతుందో కూడా చింతపిక్కలు కుప్పలు పోసి చెప్పారట. ఫిబ్రవరిలో తనిఖీకి వచ్చిన అధికారి అది విని, కొత్త పాఠాల్లో కాలు, పరక లేవు, పిల్లల్ని అయోమయంలో పెట్టకండి అని రాసి వెళ్ళాడట. ఆ వారంలోనే నాన్న హెడ్మాస్టరు దగ్గరకు వెళ్ళి, కొత్తగా వచ్చిన కుర్ర మేష్టరికి లెక్కలిచ్చి తనకు తెలుగు ఇమ్మని అడిగారు.

"ఎవరూ అడగమనలేదే. ఆయనే అడిగారు" అంది అమ్మ. "నువ్వేం అనకు."

నేనేం అనలేదు. ఆ సెలవుల్లో, ఆ తర్వాతి సెలవుల్లో కూడా నా లెక్కల గురించి ఆయన అడగలేదు. పద్యాలు అడిగేవారు. వినిపిస్తే సంతోషించేవారు. నాకు పద్యాలు అంతంతమాత్రం.

ఎస్సెల్సీ పాసయ్యాను. ట్రైనింగు అయింది. నందిగామ దగ్గర ఒక ఊళ్ళో నాకు ఉద్యోగం వచ్చింది. అప్పటికి కిలోలూ లీటర్లూ అందరి నోళ్ళలోనూ పడ్డాయి. నాకు ఇచ్చింది లెక్కలే. దశాంశాల పాఠం వచ్చిన రోజున పిల్లలెవరైనా చుక్క తప్పు చోట పెడితే నేను బోర్డు దగ్గరకు పిలిచేదాన్ని కాదు. వాళ్ళ దగ్గరకే వెళ్ళి వంగి చెప్పేదాన్ని.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నాన్న ఒకసారి నన్ను చూడటానికి బడికి వచ్చారు. అప్పటికి ఆయన రిటైరయ్యారు. క్లాసు జరుగుతుంటే లోపలికి రాకుండా వరండాలో నిలబడ్డారు. బెల్లు కొట్టాక నేను బయటికి వచ్చేసరికి మా హెడ్మాస్టరు ఆయనకు కుర్చీ వేయిస్తున్నారు.

"మా నాన్నగారండి" అన్నాను. "లెక్కల మేష్టరే. నాకు లెక్కలు నేర్పింది ఆయనే."

"అలాగాండీ! చాలా సంతోషం" అని హెడ్మాస్టరు చెయ్యి చాచారు.

నాన్న లేచి నిలబడి నమస్కారం చేశారు. "కాదండి" అన్నారు నెమ్మదిగా. "నేను తెలుగు చెప్పేవాణ్ణండి. లెక్కలు మా అమ్మాయి."

నేను ఏదో అనబోయాను. ఆయన అప్పటికే కండువా సర్దుకుని, బస్సు ఎన్నింటికి ఉందని హెడ్మాస్టర్ని అడుగుతున్నారు.